మిషన్‌తో వచ్చిన గొంతు

మా షాపుకి రిపేరుకొచ్చిన ల్యాప్‌టాప్ విప్పి చూశాను. మదర్‌బోర్డు నిండా నీటి మరకలు.

"కిటికీలోంచి జల్లు కొట్టిందమ్మా," అన్నారు పెద్దాయన.

పక్క కుర్చీలో ఆయన భార్య. పక్షవాతంతో ఆవిడకు మాట పడిపోయింది. ఎడమచేతి వేలితో అక్షరాలు నొక్కితే ఈ ల్యాప్‌టాపే ఆవిడ బదులు పలికేదట.

"ఇది బాగవదు బాబాయిగారూ. ఆ పలికే సాఫ్ట్‌వేర్ దీంతో పాటే వచ్చింది కాబట్టి ఇంకోదాంట్లోకి మార్చకూడదు. కంపెనీ రూలు అలా ఉంది. విడిగా కొందామన్నా అమ్మరు."

"అస్సలు కుదరదా?"

"కుదరదండీ."

"ఆ ముక్క మీ పిన్నికి కూడా చెప్పమ్మా."

చెప్పాను. ఆవిడ తల దించుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

"రూలుదేముందిలెండి. నా పాత ల్యాప్‌టాప్ ఒకటుంది, ఎలాగోలా దాంట్లో ఎక్కించి ఇస్తాను. ఊరికే తీసుకెళ్ళండి," అన్నాను గొంతు తగ్గించి.

"వద్దమ్మా. రూలంటే రూలే," అంటూ ఆయన కారు గుమ్మం దగ్గరికి తేవడానికి వెళ్ళారు.

ఈ రోజుల్లో ఇంత నిజాయితీపరులు కూడా ఉన్నారా అనుకున్నాను.

ఇంతలో ఆవిడ వేలు బల్ల మీదున్న నా కీబోర్డు దగ్గరికి పాకింది. బయట హారన్ మోగుతోంది. తెర మీద ఒక్కో అక్షరమే, చప్పుడు లేకుండా పడింది.

"నీళ్ళు పోసింది ఆయనే."