ఇరవై అయిదు ఓములు

"ఒక్క కొవ్వొత్తి ఇస్తారా అమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన చూపు కొవ్వొత్తుల మీద లేదు. మైనం గిన్నె కింద ఎర్రగా కాలుతున్న కరెంటు స్టవ్ మీద ఉంది.

వీధంతా కొవ్వొత్తుల వదిన అని పిలిచే ఆవిడకు తలెత్తే తీరిక లేదు. సాయంత్రానికి హోటలుకు మూడు వందల కొవ్వొత్తులు అందాలి. మాట నిలబెట్టుకుంటే ఇకమీదట నెలనెలా ఆ బేరం ఆవిడదే. తప్పితే మళ్లీ ఒకటీ అరా అమ్ముకుంటూ కూర్చోవడమే.

ఉన్నది ఒకటే గది. అందులోనే స్టవ్, అచ్చులు, గోడవారగా మంచం, మంచం మీద వత్తులు కత్తిరిస్తూ అత్తగారు.

"ఈ కాయిల్ ఎప్పుడైనా తెగిందా అమ్మా?"

"నాలుగుసార్లు తెగింది. తెగినప్పుడల్లా మాడిన ముక్క తీసేసి, లాగి కొక్కెం వేశాను. కొన్నప్పటికంటే ఇప్పుడే బ్రహ్మాండంగా కాలుతోంది."

ఆ పనితనం మీద ఆవిడకు కాస్త గర్వం కూడా.

"కొత్త కాయిల్ వేయించకపోయారా?"

"ఎక్కడ వేయించను? దీన్ని చేసిన మహానుభావుడు షెడ్డుకు తాళం పెట్టి చక్కా పోయాడు. అమ్మేదాకానే వాళ్ల మర్యాదలన్నీ."

పెద్దాయన తల వంచుకున్నాడు. "నిజమే" అన్నాడు.

తర్వాత సంచిలోంచి చిన్న మీటరు తీశాడు.

"ఒక్కసారి చూడొచ్చా?"

వదిన మొహం చిట్లించింది.

"చూడనీవే, చూస్తే అరిగిపోతుందా" అంది అత్తగారు.

ఆయన స్టవ్ వైరు దగ్గర మీటరుతో రెండుసార్లు చూసి, నేలమీద సుద్దముక్కతో అంకెలు వేశాడు. రెండంకె వచ్చినప్పుడల్లా దాని తోకను వెనక్కి మెలితిప్పాడు.

"ఇవి వోల్టులు, రెండు వందల ముప్పై. ఇవి ఆంపియర్లు, తొమ్మిది పాయింట్ రెండు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఇరవై అయిదు ఓములు. కరెంటును ఈ కాయిల్ అడ్డుకునే బలం అంతే. కొత్తలో యాభై మూడు ఉండాలి. మీరు సగానికి సగం కోసేశారు."

"పోతే పోనివ్వండి, వేడి పెరిగిందిగా."

"అదేనమ్మా నా భయం. ఇప్పుడు రెండింటినీ గుణించండి. రెండు వేల నూట పదహారు వాట్లు. ఇది వెయ్యి వాట్ల స్టవ్. మీ గోడ మీది వైరు ఇందులో సగం కరెంటుకు వేసింది. ఫ్యూజు పోవడం లేదా?"

"పోయేది. లావు తీగ చుట్టాక నోరు మూసుకుంది."

పెద్దాయన సంచిలో చెయ్యి పెట్టాడు.

"ఈ పూటకు స్టవ్ ఆపేయండమ్మా."

వదినకు ఒళ్లు మండింది.

"అర్థమైంది. ముందు భయపెట్టడం, ఆ తర్వాత సంచిలోంచి కొత్త కాయిల్ తీయడం. మీలాంటివాళ్లను చాలామందిని చూశాను. కొవ్వొత్తి తీసుకుని దయచేయండి."

సంచిలోకి వెళ్లిన ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కొవ్వొత్తి తీసుకుని, డబ్బులిచ్చి, అత్తగారిని మంచినీళ్లు అడిగాడు. వరండాలో ఫ్యూజు పెట్టె దగ్గర నిలబడి తాగాడు. కరెంటు ఒక్క నిమిషం పోయి వచ్చింది.

ఆయన వెళ్లిన పావుగంటకు స్టవ్ ఆరిపోయింది.

గిన్నెలో మైనం తెట్టు కట్టసాగింది. వదిన విసవిసా వెళ్లి ఫ్యూజు పెట్టె తెరిచింది. లోపల ఎవరో కొత్తగా చుట్టిన సన్నతీగ కాలి తెగి ఉంది. తన లావు తీగ మడిచి పెట్టె మీద పెట్టి ఉంది.

"చూశారా అత్తయ్యా, ఆ ముసలాయన నా నోటికాడ కూడు పడగొట్టి పోయాడు."

లావు తీగే మళ్లీ చుడదామని, ముందు స్టవ్ ప్లగ్గు పీకబోయింది. అది రాలేదు. సాకెట్టులో కరిగి అంటుకుపోయింది. అక్కణ్నుంచి గోడ వెంబడి పోయిన వైరును తాకితే పైతొడుగు బొగ్గులా రాలింది. ఆ వైరు వెళ్లింది అత్తగారి దిండు వెనకనుంచే. గలీబు అంచు అప్పటికే గోధుమరంగుకు మాడి ఉంది.

ఆ లావు తీగే ఉండి ఉంటే ఈపాటికి మంచం, వత్తులు, మైనం, అత్తయ్య. వదినకు ఏడుపొచ్చేసింది. హోటలు సంగతి గుర్తుకే రాలేదు.

వీధిలోకి పరిగెత్తింది. రెండు మలుపులదాకా వెళ్లి చూసింది. అలాంటి మనిషిని చూడలేదన్నారు అందరూ.

తిరిగొచ్చేసరికి అత్తగారు ఓ పొట్లం చేతిలో పెట్టింది.

"గ్లాసుతోపాటు ఇచ్చాడే. నీ కోపం చల్లారాక ఇమ్మన్నాడు."

లోపల కొత్త కాయిల్ ఉంది. చుట్టిన కాగితం నిండా చిరునామాలు, పక్కన వరస అంకెలు. పైన, 'కాయిల్ కత్తిరించవద్దని చెప్పవలసిన ఇళ్లు' అని రాసి ఉంది. తొంభై ఒక్క ఇళ్లు పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. చిట్టచివర ఉన్న తన ఇల్లు మాత్రం సుద్దతో.

"ఇంతకీ ఎవరే ఆయన?" అంది అత్తగారు.

వదిన చల్లారిన స్టవ్‌ను మెల్లగా బోర్లించి చూసింది. అడుగు రేకు మీద, దాన్ని తయారుచేసినవాడు మేకుతో గీసిన అంకె ఉంది, తొంభై రెండు. అందులోని రెండుకు నేలమీది లెక్కలో లాగే వెనక్కి మెలితిరిగిన తోక.