పొగ చూడని మనిషి

హిరణ్మయ్ సాన్యాల్ శ్రాద్ధం భోజనాలయ్యాక ఆయన పైపులన్నీ తెచ్చి బల్ల మీద పరిచారు.

"ఇవన్నీ రేపు మ్యూజియం వాళ్లు పట్టుకుపోతారు," అంది ఆయన భార్య సుప్రభ. "ఈ నల్లది మాత్రం ఇవ్వను. ఆయనకి అందరికన్నా దగ్గరివాళ్లెవరో వాళ్లకిస్తాను. ఎవరో మీరే తేల్చుకోండి."

అని టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

మిగిలింది, ఆయన్ని అన్నగారన్న వరసలో దాదా అని పిలిచే ఇద్దరు. ఆయన తీసిన సినిమాలన్నిటికీ కెమెరా పట్టిన ప్రద్యోత్ గుహ, ఎడిటింగ్ చేసిన బిభాస్ నాగ్. ఆయన ఒకరి భుజం మీద చెయ్యి వేస్తే రెండోవాడికి ఆ పూట చేపల పులుసు కూడా సయించేది కాదు.

"హిరణ్‌దా పొగ అందరికన్నా ఎక్కువ పీల్చింది నేను," అన్నాడు ప్రద్యోత్. "ఆ రోజు మంచు సీను తియ్యాలి. చూస్తే మంచు లేదు. దాదా నాలుగు దమ్ములు లాగి వదిలారు. గంగకి అవతలి గట్టు కనబడలేదు. హౌరాలో పడవలు ఆపేశారు."

"అంతేనా?" అన్నాడు బిభాస్. "మేం ఎడిటింగ్ గదిలో తలుపులు బిడాయించుకుని కూర్చునేవాళ్లం. ఇంటికెళ్తే మా ఆవిడ నన్ను చొక్కాతో సహా దండెం మీద ఆరేసేది. మా వీధిలో కాకులు దగ్గేవి."

"నా అగ్గిపెట్టె లేనిదే దాదా వెలిగించేవారు కాదు."

"ఆ అగ్గిపెట్టె నాది. నువ్వు నా బల్ల మీంచి కొట్టేసేవాడివి."

అప్పుడొచ్చాడు ఒక పండు ముసలాయన. ముతక ధోవతి, చంకలో గొడుగు, చేతిలో సర్‌భాజా మిఠాయి పొట్లం.

"నా పేరు ఖగేన్ పాత్ర. కృష్ణనగర్ నుంచి వస్తున్నా. కబురు ఆలస్యంగా తెలిసింది," అన్నాడు. "మా హిరు పైపు ఒక్కసారి చూసి పోదామని."

హిరు అట. ప్రద్యోత్, బిభాస్ మొహమొహాలు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ ఒక పక్షాన చేరడం అదే మొదలు.

"ఆయన మీకెలా తెలుసు?" అన్నాడు ప్రద్యోత్.

"మా ఇంటికి వస్తుండేవాడు."

ప్రద్యోత్‌కి ఒళ్లు మండింది. తను ఎన్నిసార్లు పిలిచినా దాదా తన గుమ్మం తొక్కలేదు.

"వచ్చి ఏం చేసేవారో?"

"కూర్చునేవాడు. కొత్త కథ ఏదైనా రాస్తే చదివి వినిపించేవాడు. పొద్దుపోతే అక్కడే పడుకునేవాడు."

"పైపు తాగుతూ చదివేవారా?"

"అదే నాయనా. పేపర్లో ఏ బొమ్మ చూసినా నోట్లో పైపే. వాడు తాగగా నేనెన్నడూ చూడలేదు. అందుకే ఇంత దూరం వచ్చాను."

బిభాస్ కిసుక్కున నవ్వాడు. "పొద్దంతా మీ ఇంట్లో ఉండి, ఒక్కసారీ తాగలేదు?"

"లేదు. గంటకోసారి లేచి పెరట్లో గుమ్మడిపాదు చూసొచ్చేవాడు. పట్నంవాడు కదా, గుమ్మడికాయలంటే మహా ముచ్చట."

"విన్నావా బిభాస్? దాదా నిద్రలో కూడా పైపు వదిలేవారు కాదు. ఈయన దాదా ముఖమైనా చూసి ఉండడు." ప్రద్యోత్ ముసలాయన వైపు తిరిగాడు. "పెద్దమనిషీ, గొప్పవాళ్లు పోగానే ఇలాంటి చుట్టాలు చాలామంది పుట్టుకొస్తారు. అబద్ధమైనా కాస్త కనుక్కుని ఆడాలి."

ముసలాయన మొహం చిన్నబోయింది. "ముట్టుకోనయ్యా. చూసి పోతాను."

ప్రద్యోత్ బల్లకి అడ్డంగా నిలబడ్డాడు. "బయల్దేరండి. బండి తప్పిపోతుంది."

ముసలాయన మిఠాయి పొట్లం గుమ్మం దగ్గర పెట్టి మెట్లు దిగాడు.

సుప్రభ టీ తెచ్చింది. "ఎవరో వచ్చినట్టున్నారే?"

"ఎవరో ఇల్లు తప్పి వచ్చారు వదినా."

ఆవిడ నల్ల పైపు తీసి ప్రద్యోత్ చేతిలో పెట్టింది. "నువ్వే ఉంచుకో. ఆయన పొగ నీకంటే ఎక్కువ ఎవరు పీల్చారు?"

బిభాస్ టీ ముట్టకుండా లేచిపోయాడు. ప్రద్యోత్‌కి ఆ టీ ఎన్నడూ లేనంత తియ్యగా ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అరుగు మీద కొడుకు తుషార్ సిగరెట్ తాగుతున్నాడు. పేరున్న లాయరు, చెంపలు నెరిశాయి. తండ్రిని చూడగానే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. వీపు వెనక నుంచి సన్నగా పొగ లేస్తోంది.

ఎప్పటిలాగే చూడనట్టు దాటబోయిన ప్రద్యోత్ ఆగాడు.

"ఒరే, మీ గుమాస్తా ముందు తాగుతావా?"

"తాగుతాను నాన్నా. ఏం?"

"స్నేహితుల ముందు?"

"వాళ్ల ముందు దాపరికం ఏముంది?"

"మరి నా ముందు ఎప్పుడైనా తాగావా?"

"మీ ముందా?" కొడుకు నొచ్చుకున్నాడు. "అదేం మాట నాన్నా."

ప్రద్యోత్ జేబులోంచి నల్ల పైపు తీసి, "గంటకోసారి గుమ్మడిపాదు," అనుకున్నాడు.

కృష్ణనగర్ బండి అప్పటికే శియాల్దా స్టేషను వదిలేసింది. లోకమంతటి మొహాన పొగ వదిలిన హిరణ్మయ్ సాన్యాల్ ఎవరి ఎదుట కూర్చుని పైపు వెలిగించలేకపోయాడో, ఆ ఒకే ఒక్క మనిషి అందులో వెళ్లిపోతున్నాడు.