రెండు గంటల గోడ

పక్కపక్క ఇళ్లలో ఉండే అక్కాచెల్లెళ్లలో పెద్దామె గదికి వచ్చిన ఫైర్ ఇన్‌స్పెక్టరు గోడమీద అరచేయి ఆనించాడు. పై అంతస్తుల బరువు మోసే గోడ అది. మంటను రెండు గంటలు ఆపి తీరాలని రూలు. అందుకే రెండిళ్ల మధ్య అక్కాచెల్లెళ్లు పెట్టుకున్న తలుపును నిరుడు ఆయనే దగ్గరుండి ఇటుకలతో మూయించాడు.

మొన్న చెల్లెలి ముందుగదిలో మంటలు లేచి గుమ్మం దారి మూసేశాయి. అటు చెల్లెలితో సహా ఏమీ మిగల్లేదు. ఇటు గోడకు మసైనా అంటలేదు.

“అప్పుడు నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు కదమ్మా. ఆ తలుపే ఉండుంటే ఈపాటికి మీరు కూడా...”

“నిజమే బాబూ. గోడ నిక్షేపంలా నిలబడింది.”

ఆయన చేయి కిందికి జారి ఆగిపోయింది. పాత తలుపు ఉన్నచోట సిమెంటు పెచ్చులూడి, ఇటుకల నిండా గాట్లున్నాయి.

“మంట ఇటు రాలేదుగా. మరి ఇదేంటి?”

“నేనే. ఇనప గరిటెతో తవ్వాను. చెల్లి అటునుంచి తలుపు కొట్టినట్టే కొడుతుంటే ఎలా ఊరుకుంటాను?”

“ఎంతసేపు కొట్టిందమ్మా?” అన్నాడాయన.

ఆమె గోడకు చెవి ఆనించింది.

“ఉండు బాబూ,” అంది. “ఇంకా ఆపలేదు.”