లాంతరుకు ఒక ఓటు

ఆ అనుమానం అగ్బెకో మనసులో ఎనిమిదేళ్లుగా ఉంది. కళ్లు లేనివాడికి ఇంకొకరు తోడుండి ఓటు వేయించవచ్చని చట్టం చెప్పింది. పడిన వేలిముద్ర ఏ గుర్తు పక్కన పడిందో తెలుసుకునే దారి మాత్రం చెప్పలేదు.

గత రెండు వార్డు ఎన్నికల్లోనూ భార్య మావుసి ఆయన బొటనవేలు పట్టుకుని వేయించింది. "మనిద్దరివీ లాంతరు గుర్తుకే" అని బైబిలు మీద చెయ్యిపెట్టి చెప్పింది. రెండుసార్లూ ఆ కేంద్రంలో లాంతరుకు సున్నా. ముద్రలు అలుక్కుపోయి చెల్లకుండా పోయుంటాయంది. దేవుడి పుస్తకం మీద ఆడిన మాటను శంకించడం పాపమేమోనని ఆయన ఊరుకున్నాడు.

ఊరుకున్నాడు గానీ ఆఫీసుల చుట్టూ తిరగడం మానలేదు. ఈసారి హోహోయె పట్నం నుంచి రంధ్రాల అట్ట వచ్చింది. ఓటు కాగితాన్ని అందులో దూర్చి, గుర్తుకొకటి చొప్పున ఉన్న రంధ్రాలు తడుముకుని, ఎవరి ముద్ర వాళ్లే వేసుకోవచ్చు.

ఓట్ల రోజు వరుసలో వెనకనుంచి ఎవరో అన్నారు. "చీకట్లో ఉన్నోడికి లాంతరెందుకు మావా?"

"వెలుతుర్లో ఉన్నోళ్లు బడికి పదకొండు మెట్లు కట్టార్రా. కాళ్లు లేని పిల్లలు పాక్కుంటూ ఎక్కుతున్నారు. అందుకు."

మావుసి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఆ అట్ట నీకలవాటు లేదు గదయ్యా. నేనొస్తా."

"వద్దులేవే."

లాంతరుది మూడో రంధ్రం. మూడుసార్లు తడిమి చూసుకుని, దేవుణ్ణి తలుచుకుని వేలు నొక్కాడు.

సాయంత్రం అధికారి ఒక్కో కాగితం ఎత్తి చూపుతుంటే, ఎప్పటిలాగే ఊరంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. కుండకు నూట నలభై రెండు. తాళంచెవికి యాభై ఏడు. చెల్లనిది ఒక్కటీ లేదు. లాంతరు వంతు వచ్చింది.

"ఒకటి" అంది ఊరు. అక్కడే ఆగిపోయింది. ఎవరో నవ్వారు.

అగ్బెకో మావుసి వైపు తిరిగాడు. మెల్లగా అడిగాడు.

"నీ ఓటేదే, మావుసీ?"

"ఎట్టాగూ ఓడిపోయే గుర్తు గదయ్యా. రెండు ఓట్లూ మురగబెట్టడం దేనికని..."

"అప్పుడూ అంతేనా?"

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకోబోయి ఆగింది.

"పోనీలే" అన్నాడు కర్ర కోసం తడుముకుంటూ. "లాంతరుకు నేను పడ్డ ఓటు బాకీ ఇన్నాళ్లకు తీరింది."

మూడుసార్లూ లాంతరు గుర్తు మీద నిలబడింది అగ్బెకోయే.