పట్టని ర్యామ్

మహిధర్ తన్నిన తన్ను మల్లీశ్వరికి తగలలేదు. పక్కనున్న కంప్యూటర్ డబ్బాకు తగిలింది.

ఆమె తప్పుకుంది కాబట్టి కంప్యూటర్ చచ్చింది.

మర్నాడు స్విచ్ వేస్తే తెర వెలగలేదు. బీప్, బీప్ అని ఒకటే మోత.

అది పాతకాలపు డెస్క్‌టాప్. మల్లీశ్వరి దానిమీదే పెళ్లికార్డులు, దరఖాస్తులు టైపు చేసి నాలుగు రూపాయలు సంపాదించుకునేది. మొగుడు మహిధర్ పనిచేసే నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ బిల్లులూ అందులోనే. అందుకే తాండూరు బజారులో ఉన్న బీరన్న షాపుకు మహిధరే ఫోన్ చేశాడు.

సాయంత్రం జంగప్ప వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఎక్కడో కర్ణాటక సరిహద్దు పల్లె నుంచి వచ్చి బీరన్న దగ్గర పనికి కుదిరాడు.

డబ్బా మీద బూటు ఆకారంలో సొట్ట. మల్లీశ్వరి చెంప మీద వాపు. రెండూ చూశాడు.

"ఎట్లయింది చెల్లె?"

"కింద పడ్డది అన్నా."

ఏది పడిందని అతను అడగలేదు. మూత విప్పి సన్నని పచ్చ పలక ఒకటి బయటికి లాగాడు.

"ర్యామ్ పోయింది. పాత మోడల్ గద, ఏదంటే అది పట్టదు. దీన్ని చూపెట్టి గిసొంటిదే తెస్త."

అతను గుమ్మం దాటాడో లేదో మహిధర్ బెల్టు విప్పాడు.

"చెంప చూపెట్టుకుంట నిలబడ్డవా వాని ముందల?"

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది పడబోతుండగా తలుపు తెరుచుకుంది.

జంగప్ప.

"స్క్రూడ్రైవర్ మర్శిపోయిన."

మహిధర్ చెయ్యి దిగిపోయింది. బెల్టు చుట్టుకుంటూ నవ్వాడు కూడా. వీధిలో ఆయనకు మంచి పేరుంది. పరాయి మనిషి ఎదుట గొంతు కూడా పెంచడు.

జంగప్ప ఒక్క మాటైనా అంటాడేమోనని మల్లీశ్వరి ఆశగా చూసింది. అతను తల వంచుకుని స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన దెబ్బలు తింటూ, ఎంత పిరికివాడో అనుకుంది.

మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చాడు. సరిగ్గా మహిధర్ బండి ఇంటి ముందు ఆగే వేళకు. తెచ్చిన ర్యామ్‌ను బోర్డు మీద ఆనించి చూసి పెదవి విరిచాడు.

"గంటు కలుస్తలేదు సార్. గాడిల బొడిపె ఒక కాడ, దీని గంటు ఇంకో కాడ. గట్టిగ ఒత్తితే బోర్డే పోతది. రేపు వేరేది తెస్త."

ఆ మరుసటి రోజు గంటు కలిసింది. బీప్ మాత్రం ఆగలేదు.

"బోర్డు దీన్ని గుర్తుపడతలేదు సార్. రేపు చూద్దాం."

ఆ తర్వాత తెచ్చింది ల్యాప్‌టాప్‌లో వేసేది. గాడిలో సగం కూడా లేదు. పట్టదని పసిపిల్లలు కూడా చెబుతారు.

వచ్చినవాడు ఊరికే పోడు. ఫ్యాను విప్పి తుడుస్తాడు. వైర్లన్నీ పీకి మళ్లీ పెడతాడు. మహిధర్ తాగి, తిని, గురక పెట్టేదాకా స్క్రూలు బిగిస్తూనే ఉంటాడు. అతనికి చాయ్ పెట్టలేక మల్లీశ్వరికి విసుగొచ్చింది.

"పగటిపూట రారాదా అన్నా?"

"పగలు షాపుల పనుంటది చెల్లె."

ఈ పని రానివాడికి షాపులో ఏం పనో అనుకుంది.

చివరికి ఒక సాయంత్రం, బిల్లుల కోసం యూనిట్ సేటు చేత తిట్లు తిని వచ్చాడు మహిధర్.

"గిది గూడ పట్టదా?"

"పట్టదు సార్."

"నువ్వు వచ్చేది ర్యామ్ కోసమా, నా పెండ్లాం కోసమా?"

జవాబు వచ్చేలోపే కీబోర్డు జంగప్ప ముఖం మీద పగిలింది. అక్షరాల మీటలు గదంతా చెల్లాచెదురయ్యాయి. కిందపడ్డవాడి కుడిచేతిని మహిధర్ బూటుకాలితో తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు మల్లీశ్వరికి వినిపించింది.

జంగప్ప తిరగబడలేదు. నోట్లో నెత్తురుతో ఆమెవైపు చూశాడు.

"చెల్లె, నువ్వు బయటికి నడువు."

ఆమె కదల్లేదు. వీడి మాట వింటే మొగుడి అనుమానం ఇంకా పెరుగుతుందని భయపడింది.

మహిధర్ అతన్ని కాలరు పట్టి ఈడ్చుకెళ్లి వీధిలో పడేశాడు. లోపలికి వచ్చి గడియ పెట్టాడు.

ఇప్పుడు ఇంట్లో పరాయి మనిషి లేడు.

మల్లీశ్వరికి వికారాబాద్ ఆసుపత్రిలో మెలకువ వచ్చింది. పక్కటెముకలు విరిగాయి. ఎడమ చెవి ఇక వినిపించదన్నారు. వీధివాళ్లు తలుపు పగలగొట్టి ప్రాణం కాపాడారట. మహిధర్‌ను పోలీసులు పట్టుకుపోయారు.

లేచి తిరగగలిగాక, మోమిన్‌పేట్‌లో తల్లి దగ్గరికి వెళ్లిపోయే ముందు, ఆమె కంప్యూటర్‌ను ఆటోలో బీరన్న షాపుకు తెచ్చింది. ఇక బతుకుతెరువు అదే.

బీరన్న మూత విప్పి చూశాడు. సొరుగులోంచి ఒక ర్యామ్ తీసి ఒత్తాడు. టక్‌మంది. తెర వెలిగింది.

"అయిపాయెనమ్మా."

మల్లీశ్వరికి ఒళ్లు మండింది.

"గింతేనా? మీ జంగప్పకు ఎన్ని దినాలు తిరిగినా దొరకకపాయె."

"దొరకకపోవుడేంది? ఆయన పాతది తెచ్చిన తెల్లారే నేను గీ ముక్కనే జత చూసి ఇచ్చిన. తీసుకోలేదు."

ఆమె వినిపించే చెవిని అతనివైపు తిప్పింది.

"ఏమన్నడు?"

"'గిది ఉండనియ్ బీరన్నా, దానికి పట్టనిది ఏదన్న ఉంటే ఇయ్యి' అన్నడు. రోజూ గదే మాట. నాకేం సమజ్ కాలే."

"ఇప్పుడు ఏడున్నడు?"

"వేళ్లు వంగుతలేవు. స్క్రూ గూడ తిప్పనీకి వస్తలేదని వాళ్ల ఊరికి పోయిండు. ఏ ఊరో నేనెన్నడు అడగలేదమ్మా."

మల్లీశ్వరి డబ్బా మీది బూటు సొట్టను వేలితో తడిమింది.

ఆ చివరి రోజు దాకా, జంగప్ప పట్టని ర్యామ్ పట్టుకొచ్చి కూర్చున్న సాయంత్రాల్లో ఒక్కనాడు కూడా తన ఒంటి మీద దెబ్బ పడలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.