మిష్కా ఏడుపు

మొదటి మూడు రోజులూ మిష్కాని ముట్టుకోవద్దన్నాడు బ్యాంకు మేనేజరు ఉదయశంకర్. పళ్లెం మార్చొద్దు. తిండి వేళ మార్చొద్దు. గది చల్లగా ఉండాలి, తలుపు వేసే ఉంచాలి. దానంతటది దగ్గరికొచ్చేదాకా ఓపిక పట్టాలి.

"నాలుగేళ్ల కుక్కండీ. మనిషి మారితే దిగులు పెట్టుకుంటుంది," అన్నాడు. అతనికి చెన్నై బదిలీ అయింది. అక్కడ అపార్టుమెంటులో ఇలాంటి చలిదేశపు హస్కీ జాతి కుక్కని రానివ్వరట. దాని పక్కలో వెయ్యమని తన పాత చొక్కా ఒకటి ఇచ్చాడు. "అరుపంటారా, తనంతట తను మొదలెట్టదు. అంబులెన్సు కూత వింటే మాత్రం అందుకుంటుంది. అచ్చం మనిషి ఏడ్చినట్టే ఉంటుంది. భయపడకండి."

ఢిల్లీరావు తలూపాడు. అతనికా సంగతి తెలుసు. వారానికి రెండుసార్లు బారువ నించి పలాస డయాలసిస్‌కి వస్తాడు. ఆసుపత్రి వెనక వీధిలోనే మేనేజరు ఇల్లు. ఓ రోజు బస్సు కోసం నడుస్తుంటే ఆ ఏడుపు వినపడింది. గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తారని తెలిశాక, తనకే ఇమ్మని మూడుసార్లు వెళ్లి అడిగాడు.

అతని భార్య కాంతమ్మకి ఒళ్లు మండింది.

"ఇన్నేళ్లలో కోడిపిల్లనైనా పెంచినోడివి కాదు. ఇప్పుడు కుక్కేటి మావా? నిన్ను సూసుకోనా, దాన్ని సూసుకోనా?"

"నాను సూసుకుంతాను. నీకేటీ పని సెప్పను."

మొండి మనిషి. తుఫానులో తెప్ప తిరగబడి తమ్ముడు పోతే, శవాన్ని భుజాన వేసుకొచ్చింది అతనే. డాక్టరు రెండు కిడ్నీలూ పోయాయన్న రోజున, ఇంటికి బస్సు ఎన్నింటికని అడిగాడు. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చింది కాంతమ్మే. "ఒలే, నలుగురూ సూత్తన్నారు, లే," అన్నాడు. అలాంటివాడితో ఏం వాదిస్తుంది?

చెప్పినట్టే ఆమెకే పనీ చెప్పలేదు. చేపల కోసం ఒడ్డుకి వచ్చే మంచుగడ్డల్లో రోజూ ఒక ముక్క అడిగి తెచ్చుకునేవాడు. గోనెసంచిలో వేసి దంచి, పాత ప్లాస్టిక్ తొట్టెలో పరిచేవాడు. వెనక గదిలో కూలరు పెట్టించాడు. కుక్క ఓ మూల గోడకేసి మొహం పెట్టి పడుకుంటే, ఇతను ఎదటి మూల మంచం మీద పడుకునేవాడు. పిలిచేవాడు కాదు. తెప్ప మీద కేకలేసి పదిమందిని ఆడించిన మనిషి, ఒక కుక్క లేచి రావడానికి పన్నెండు రోజులు నోరు మూసుకుని కాచుకున్నాడు.

పదమూడో రోజు మిష్కా లేచింది. వచ్చి అతని ఎడమ చెయ్యి వాసన చూసింది. డయాలసిస్ సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన చెయ్యి అది. ముట్టుకుంటే లోపల రక్తం జరజరా పరిగెత్తడం తెలుస్తుంది. దాని మీద గెడ్డం ఆనించి పడుకుంది. తలుపు సందులోంచి చూసిన కాంతమ్మకి కూడా ముచ్చటేసింది. ఆ పూట నాలుగు చేపలు ఉడకబెట్టి, ముళ్లు తీసి దానికి పెట్టింది.

ఆ మర్నాడే ఏడుపు మొదలైంది.

మధ్యాహ్నం మూడు గంటలు. పేటంతా భోజనాలు చేసి నడుం వాల్చే వేళ. మూసిన తలుపు వెనకనించి సన్నగా మొదలై, పొడుగ్గా సాగి, వీధి చివరిదాకా వినపడింది. కాంతమ్మ పరిగెత్తుకెళ్లి తలుపు కొట్టింది.

"మావా, ఏటది?"

"కుక్కే," అన్నాడు లోపల్నించి, కాసేపాగి. "దాని జాతే అంత. ఏడుపు కాదు, కూత. తలుపు తియ్యకు, సల్లదనం పోతాది."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సరిగ్గా మూడింటికి.

కుక్క ఏడిస్తే ఏమంటారో పేటలో తెలియనివాళ్లు లేరు. అందులోనూ రెండేళ్లలో ఆ ఒక్క వీధిలోనే నలుగురు కిడ్నీలతో పోయారు. ఎదురింటి సన్యాసయ్య అరుగెక్కి మరీ చెప్పాడు.

"దానికి యముడు కనబడతన్నాడే అమ్మా. లేపోతే రోజూ అదే ఏళకి ఏడుత్తాదేటి?"

"ఆయనకదంటే పేణం, పెదనాన్నా."

"ఆడి పేణం కావాలో, కుక్క కావాలో నువ్వే సూసుకో."

కాంతమ్మకి అన్నం సయించడం మానేసింది. మొగుడు మాత్రం మునుపటికన్నా బాగానే కనిపించాడు. మూడింటి తర్వాత మొహం కడుక్కుని వచ్చి టీ అడిగేవాడు. ఆకలేస్తోందనేవాడు. పోయేముందు మనిషి ఇలాగే తేరుకుంటాడని ఎవరో అనగా విని, ఆమె ఇంకా హడలిపోయింది.

శుక్రవారం ఒంట్లో బాగోలేదని చెప్పి ఆమె డయాలసిస్‌కి తోడు వెళ్లలేదు. అతనొక్కడే బస్సెక్కాడు. బస్సు మలుపు తిరగ్గానే సన్యాసయ్య ఆటో తెచ్చాడు. కంచిలి దగ్గర కొబ్బరితోటలో కాపలావాళ్లకి కుక్క కావాలట. మేనేజరు చొక్కాతో సహా మిష్కాని ఎక్కించేశారు. అది ఒక్క అరుపు కూడా అరవలేదు. కాంతమ్మ మనసు గట్టి చేసుకుంది.

రెండున్నరకి ఢిల్లీరావు వచ్చాడు. తొట్టెలో కరిగిపోయిన మంచునీళ్లు చూశాడు. తిట్లకి సిద్ధపడి గుమ్మంలో నిలబడింది కాంతమ్మ.

"నీ కోసవే మావా. నువ్వు బతకాలని."

అతను తిట్టలేదు. తొట్టె ఎత్తి ఆ నీళ్లు పెరట్లో పారబోశాడు.

"నాకు తెలీదేటే," అన్నాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

కాంతమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. చేట ముందేసుకుని, చాలా రోజుల తర్వాత నిమ్మళంగా వాకిట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

సరిగ్గా మూడింటికి, కుక్క లేని ఆ గదిలోంచి, రోజూ వినపడే ఏడుపే వినపడింది.