పసుపు బండి

హెల్మెట్ నిండా రంగురంగుల చెక్క బిళ్లలు. మా ఆయన చెయ్యి పెట్టి తీస్తే పసుపు వచ్చింది.

పన్నెండు రేసు కార్లు. ఒకే ఇంజిను, ఒకే టైర్లు, ఒకే బరువు. రంగొక్కటే తేడా. ఏ రంగు బిళ్ల వస్తే ఆ రంగు బండి. సొంత మెకానిక్కులను దగ్గరికి రానివ్వరు. ఛాంపియన్లను మాత్రమే పిలిచి, వాళ్లలో అసలు మొనగాడెవరో తేల్చడానికే ఆ పోటీ పెట్టారు.

పిలుపు వచ్చిన రోజు మా ఆయన వెండెల్ వంటింట్లో గంతులేశాడు.

"ఇక నీ తమ్ముడి డొక్కు ఇంజిన్లతో పని లేదే లోర్నా! అందరికీ ఒకటే బండి. అప్పుడు తెలుస్తుంది నేనేంటో!"

ఆ డొక్కు ఇంజిన్లతోనే ఈయన నెబ్రాస్కా మట్టి ట్రాకుల మీద ఛాంపియన్ అయ్యాడు. ఒక్క ఫైనల్ పోయేసరికి, ఊరంతా చూస్తుండగా మా తమ్ముడు ఆరిన్ పానాల సంచి వాకిట్లోకి విసిరికొట్టాడు.

వాడిప్పుడు ట్రాక్టర్లు బాగుచేసుకుంటున్నాడు.

మిషిగన్‌లో పొద్దున రేసు. పసుపు బండి అందరికంటే ఆఖరున వచ్చింది.

"లాగితే కదా!" అన్నాడు మా ఆయన విలేకరులతో. "దండగ ఇంజిను."

మధ్యాహ్నం రేసుకి మళ్లీ బిళ్లలు తీశారు. పసుపు బండి ఒహాయో నుంచి వచ్చిన డ్రైవరుకి పోయింది. పొద్దున గెలిచిన ఎర్ర బండి మా ఆయనకి వచ్చింది.

పసుపు బండి గెలిచింది.

ఎర్రది ఆఖరున వచ్చింది.

"పాపం, ఇదీ దండగ ఇంజినేనేమో!" స్టాండులో నా వెనక ఎవరో పకపకా నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగాను.

కింద గోడ దగ్గర మా ఆయన ఇంకా హెల్మెట్ తియ్యకుండా కూర్చున్నాడు. ఎదురుగా కాఫీ ఫ్లాస్కుతో ఆరిన్. వీడెప్పుడొచ్చాడో! వస్తున్నానని నాకైనా చెప్పలేదు.

"బావా, ఆ ఎర్ర బండిలో ఒక సిలిండర్ సరిగ్గా కొట్టట్లేదు. స్టాండులోకి వినిపించింది నాకు. అలాంటి బండి ఇస్తే ఎవడు మాత్రం ఏం చేస్తాడు?"

ఇంజిన్ల విషయంలో మా తమ్ముడు అబద్ధమాడటం ఇవాళ్టిదాకా నేనెప్పుడూ వినలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

విలేకరులు మళ్లీ ఇటే వస్తున్నారు. మా ఆయన వాళ్ల వంక చూశాడు. తర్వాత వాడి వంక చూశాడు.

"లేదురా ఆరిన్. బండి బాగానే ఉంది."

అని, హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు.